పెదవి లేని పువ్వు

పెద్దసారు తనంతట తానుగా మెట్లు దిగి కింది గదికి రావడం బొమ్మలమ్మకు తెలిసి అది మూడోసారి. ఒకసారి నీళ్ల పైపు పగిలి ఎండుమొక్కల అల్మారాలు తడిసినప్పుడు వచ్చాడు. ఇంకోసారి ఎవరో పెద్ద అతిథి దారి తప్పితే వెతుక్కుంటూ వచ్చాడు. ఈ సోమవారం మాత్రం చేతిలో చిన్న గాజు సీసా పట్టుకుని, తలుపు దగ్గర ఆగి, గొంతు సవరించుకుని మరీ లోపలికి వచ్చాడు.

ఆమె లేవలేదు. మర్యాద తెలియక కాదు. మైక్రోస్కోపు కింద సూదిమొనకు ఆనించి పెట్టిన పుప్పొడి ముద్ద ఆవగింజలో సగం కూడా ఉండదు, ఊపిరి గట్టిగా వదిలినా దొర్లిపోతుంది.

“కూర్చోండి, కూర్చోండి,” అన్నాడాయన, కూర్చునే ఉన్న ఆమెతో.

ఆ ఆర్కిడ్ల పరిశోధన కేంద్రంలో అందరికీ ఆమె బొమ్మలమ్మే. అడవుల్లోంచి తెచ్చిన పువ్వు ఏ జాతిదో తేల్చేది పైఅంతస్తులో శాస్త్రవేత్తలు. దాన్ని రేకు రేకుగా ఒలిచి, పదింతలు ఇరవయ్యింతలు పెంచి, నల్లసిరాతో కాగితం మీద పెట్టేది కింది గదిలో ఆమె. ఆ బొమ్మ జతపడందే పెద్దసారు వ్యాసాలు ఏ పత్రికకూ వెళ్లవు.

సీసాను ఆయన దీపం పక్కన పెట్టాడు. స్పిరిట్‌లో వెలిసిపోయిన పువ్వు ఒకటి తలకిందులుగా తేలుతోంది.

“మూడోది. దీని బొమ్మ కూడా అయిపోతే వ్యాసం పంపించేయొచ్చు. మొదటి రెండూ బ్రహ్మాండంగా వచ్చాయి.”

“ఎప్పటికి కావాలండీ?”

“శుక్రవారానికి. అదే కదా మీ ఆఖరి రోజు?” చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “అసలు ఇంకో మాట చెబుదామని వచ్చాను. దీనికి మీ పేరు పెడుతున్నాం.”

“దేనికండీ, సీసాకా?”

పెద్దసారు నవ్వాడు. “జాతికండీ! కొత్త జాతి. మీ పేరుకు లాటిన్ తోక తగిలించి పెడుతున్నాం. ఇన్నేళ్లు మేం పేరు పెట్టిన ప్రతి పువ్వూ మీ కళ్లలోంచి వచ్చిందే కదా. ఊరికే శాలువా కప్పి పంపించడం నాకు ఇష్టం లేదు.”

ఆమె ఏదో అనాలని చూసింది. “నా పేరెందుకండీ” అన్న మాట వచ్చింది, అదీ సగమే. ఆయన ఆ సగాన్ని పూర్తి సంతోషం కిందే లెక్క వేసుకుని, తల పంకించి, వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ కన్ను మైక్రోస్కోపుకు ఆనించింది. పుప్పొడి ముద్ద ఎక్కడికో దొర్లిపోయింది. దాన్ని వెతకడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో ఆమెకు తట్టిందల్లా ఒక్కటే. ఇలాంటి బొమ్మకు ఎనిమిది రోజులు కావాలి, ఉన్నవి అయిదు. మెడ ఇప్పటికే పక్కకు తిరగడం లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఇంటాయన వీధిగదిలో ఎవరిదో కళ్లజోడు మరలు బిగిస్తున్నాడు. కళ్లజోళ్లు చేసే పని ఆయనది. ముందుగదే దుకాణం. గోడ నిండా చిన్నవీ పెద్దవీ అక్షరాల పటాలు. ఇంట్లోకి వెళ్లాలంటే ఎవరైనా వాటి ముందు నుంచే వెళ్లాలి.

చెప్పులు విడుస్తూ ఆమె ఆ సంగతి చెప్పింది. పాలు విరిగిపోయాయని చెప్పినట్టే చెప్పింది.

ఆయన మరలు తిప్పే పుల్ల కింద పెట్టాడు. “నీ పేరా? పువ్వుకా?”

“ఆఁ.”

“ఎన్నాళ్లు ఉంటుందే అది?”

“పేరు పెడితే ఉంటుందిగా. పుస్తకాల్లో ఉంటుంది.”

“తోక ఎంత పొడుగు?”

“రెండక్షరాలు.”

“పర్లేదు, ఆ మాత్రం తోక నీకు మొదట్నించీ ఉన్నదే,” అని, తన మాటకు తనే పగలబడి నవ్వి, ఆ మరలు బిగించిన కళ్లజోడు తీసుకుని తిన్నగా ఎదురింటికి వెళ్లాడు. కళ్లజోడు ఎదురింటివాళ్లది కాదు. వంటింట్లో పొయ్యి వెలిగిస్తూ ఆమె వింటూనే ఉంది. ఎదురింట్లో ఒకసారి, మెట్ల కింద కుట్టుమిషనాయనకు ఒకసారి, నీళ్లు పట్టుకుంటున్న పక్కవాటా ఆవిడకు ఒకసారి చెప్పాడు. మూడోసారికి పువ్వు పలకంత అయింది, రంగు కూడా వచ్చింది.

మంగళవారం పొద్దున్నే పువ్వును సీసాలోంచి తీసి నీళ్లలో నానబెట్టింది. గాజుపలక మీద పడుకోబెట్టి, సన్నని సూదులతో ఒక్కొక్క రేకునూ విడదీయడం మొదలుపెట్టింది. బయట మూడు, లోపల మూడు. ఏ ఆర్కిడ్‌కైనా అంతే. లోపలి మూడింట్లో ఒకటి మాత్రం వేరుగా ఉంటుంది. వెడల్పుగా, ముడతలతో, మచ్చలతో, పురుగు వచ్చి వాలడానికి అరుగు వేసినట్టు ముందుకు చాచుకుని ఉంటుంది. దాన్నే పెదవి అంటారు. ఆర్కిడ్లను పోల్చుకునేవాళ్లు ముందు చూసేది ఆ పెదవినే.

ఈ పువ్వుకు పెదవి లేదు. మూడు లోపలి రేకులూ ఒక్కలాగే, సన్నగా, సాదాగా ఉన్నాయి. కొత్త జాతి అనడానికి పెద్దసారు చూపిస్తున్న కారణం అదే.

ఆమె ఒక్కో రేకునూ దీపానికి అడ్డంగా పట్టి ఈనెలు గీసుకుంది. పెదవి ఉండాల్సిన చోట ఉన్న రేకులో ఈనెలు పక్క రేకుల్లో ఉన్నట్టే ఉన్నాయి. నడిమి స్తంభం, దాని తలమీద టోపీ, టోపీ కింద రెండు పుప్పొడి ముద్దలు, వాటిని అంటిపెట్టుకున్న జిగురు బిళ్ల. స్తంభం పక్కన చిన్న పన్ను. పెన్సిలు ఆ పన్ను దగ్గర ఆగింది. ఆ వంపు ఆమె చేతికి తెలుసు. కళ్లు మరిచిపోయినా చెయ్యి మరిచిపోలేదు. అయితే ఎక్కడ గీసిందో గుర్తు రాలేదు.

మధ్యాహ్నం పరిశోధన చేస్తున్న అమ్మాయి ఆకుల కొలతల కాగితం ఇవ్వడానికి వచ్చింది. నాలుగేళ్లుగా పెద్దసారు దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. వచ్చినప్పుడల్లా స్టూలు లాక్కుని కూర్చుని, తన హాస్టలు కష్టాలన్నీ చెప్పి గాని వెళ్లదు. ఇవాళ నిలబడే ఉంది.

“పేరు సంగతి విన్నాను పిన్నిగారూ. చాలా సంతోషం,” అంది నేలను చూస్తూ.

“సంతోషం నీ మొహంలో కనబడ్డం లేదే. నిద్ర లేదా?”

“ఉందండీ.”

“జన్యు పరీక్ష నువ్వే చేశావటగా దీనికి. దేనికి దగ్గరగా వచ్చింది? పక్కన పెట్టుకుని పోల్చుకుంటాను.”

అమ్మాయి కాగితం అంచు మడతపెట్టి, మళ్లీ విప్పింది. “ఆ ఫైలు సారు దగ్గరుంది పిన్నిగారూ,” అని వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఆమె కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. ఏడుపు కాదు, రోజూ నాలుగయ్యేసరికి కారేవే. రుమాలుతో ఒత్తుకుని, దీపం ఆర్పి, కాసేపు చీకటిగోడ వంక చూస్తూ కూర్చుంది. ఈ శుక్రవారం తర్వాత ఈ కుర్చీలో కూర్చోనక్కర్లేదు అన్న తలపు దప్పికకు మంచినీళ్లలా ఉంది.

బుధవారం ఆమె గేటు దాటేసరికి నత్తలాయన ఎదురొచ్చాడు. గాజుషెడ్డులో బతికున్న ఆర్కిడ్లను చూసుకునే తోటమాలి ఆయన. తెల్లవారకముందే వచ్చి కుండీల కింద నత్తలు ఏరడంతో ఆయన రోజు మొదలవుతుంది. అందుకే ఆ పేరు. మామూలుగా నత్తల డబ్బా చేతిలో ఉంటుంది. ఇవాళ లేదు.

“అక్కా, ఒకసారి షెడ్డులోకి రా.”

“సంచీ పెట్టి వస్తాను.”

“సంచీతోనే రా.”

షెడ్డులో వేడి మొహాన కొట్టింది. కళ్లజోడు మసకబారితే తీసి కొంగుతో తుడుచుకుంది. నత్తలాయన ఆమెను నాలుగో వరుస చివరికి తీసుకెళ్లి, వేలాడుతున్న ఒక బుట్టను కిందికి దించాడు. సీసాలో పువ్వు ఈ మొక్కదే. మూడేళ్ల కింద ఒకే చెట్టు మీంచి తెచ్చిన ఒకే ఒక గుబురు. దీనికి జోడు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

కొత్త పూలకంకి ఒకటి వంగి ఉంది. అన్నిటికంటే కింద మొన్న విచ్చిన పువ్వు. సన్నని రేకులు, పెదవి లేదు. దాని పైన ఆ పొద్దున్నే విచ్చింది ఇంకొకటి. దానికి పెదవి ఉంది. పసుపుగా, వెడల్పుగా, అంచున కుచ్చులతో, గొంతులో ఎర్రమచ్చతో.

ఆమె కంకిని వేళ్ల మధ్య ఆనించుకుని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. రెండూ ఒకే కాడకు పూశాయి. అనుమానానికి చోటు లేదు.

“ఊరపసుపు,” అంది చివరికి.

“నేనూ అదే అనుకున్నా.”

ఊరపసుపు అంటే బస్టాండు పక్క చెట్ల మీద కూడా పూసేది. కేంద్రంలో ఎవరూ తల ఎత్తి చూడని ఆర్కిడ్. స్తంభం పక్కన ఆ పన్ను ఎక్కడ గీసిందో ఇప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, చెయ్యి కుదరడానికని ఊరపసుపును ఆమె చేత పదకొండుసార్లు గీయించారు.

“నాకు మొదట్నించీ అనుమానమే అక్కా,” అన్నాడు నత్తలాయన గొంతు తగ్గించి. “మూడేళ్లయింది, ఒక్క కాయ కాయలేదు. తేనెటీగ వస్తుంది, చుట్టూ తిరుగుతుంది, కాలు పెట్టే చోటు లేక పోతుంది. కాయ లేనిది అడవిలో జాతి ఎట్లా నిలబడుతుంది? ఇది జాతి కాదు, అవిటిది అనుకున్నా. నన్నెవరడుగుతారు?”

“నన్ను మాత్రం ఎవరడిగారు?”

ఆయన అటూ ఇటూ చూశాడు. “నీ పేరు పెడుతున్నారటగా.”

“ఆఁ.”

“అయితే చెప్పు. గిల్లేస్తాను. రెండు వేళ్ల పని. అంత పాపం ఎందుకంటావా, ఒక్క నత్తని ఎక్కించి వదిలితే చాలు, మధ్యాహ్నానికి తొడిమ కూడా మిగల్దు. ముప్పై ఏళ్లుగా వాటిని చంపుతున్నా, ఒక్కదాని చేత మంచిపని చేయిద్దాం.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కుండీల గట్టు మీద కూర్చుండిపోయింది. గిల్లేస్తే ఇక ఎవరూ చూడరు. బొమ్మ శుక్రవారానికి అయిపోతుంది. వీడ్కోలు సభలో పేరు చదువుతారు, చప్పట్లు కొడతారు, ఇంటికెళ్లి పడుకోవచ్చు. వారం రోజులు పడుకోవచ్చు.

“ఒక స్టూలు తెచ్చిపెట్టు తమ్ముడూ,” అంది. “ముందు కంకి మొత్తం గీసుకోనీ.”

సంచీలోంచి పుస్తకం తీసి, చెమట కాగితం మీద పడకుండా మణికట్టు కింద రుమాలు పెట్టుకుని, కిందిపువ్వునూ పైపువ్వునూ ఉన్నవి ఉన్నట్టు గీసింది. ఎండ అద్దాల మీదికి వచ్చేదాకా గీసింది. తర్వాత చిన్న కత్తెరతో పైపువ్వును కోసి, తడి దూదిలో పెట్టుకుని, మెట్లెక్కింది.

పెద్దసారు గదిలో ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఆయన ఏదో చదువుతున్నాడు. ఆమె దూది విప్పి పువ్వును బల్ల మీద పెట్టింది.

“మన మూడోదాని కంకికే పూసిందండీ ఇది. రెండో పువ్వు.”

ఆయన కళ్లజోడు పైకి జరిపి, వంగి చూశాడు. వేలితో పెదవిని కొద్దిగా ఎత్తాడు. ఆశ్చర్యపోలేదు.

“ఎప్పుడు విచ్చింది?”

“ఈ పొద్దున.”

“ఎవరెవరు చూశారు?”

ఆ ఒక్క ప్రశ్నతో ఆమెకు అంతా అర్థమైంది.

“మీకు తెలుసాండీ?”

పెద్దసారు వెనక్కి వాలాడు. “తెలుసని కాదు. అనుమానం. జన్యు పరీక్షలో ఊరపసుపుతో పెద్ద తేడా రాలేదు. కానీ రూపంలో తేడా ఉందిగా? రూపాన్ని బట్టి పేరు పెట్టినవాళ్లు లేరా? పెట్టొచ్చు.”

“తర్వాత ఎవరో ఒకరు చూస్తారుగా.”

“చూస్తారు. అయిదేళ్లకో పదేళ్లకో ఎవరో చూసి, పాతదాంట్లో కలిపేస్తారు. అప్పటిదాకా ఉంటుంది మీ పేరు. అలా ఎన్ని పేర్లు కలిసిపోలేదండీ?” గొంతులో నిజంగానే ఆప్యాయత ఉంది. “మీ ఉద్యోగం పొడిగించమని రెండుసార్లు రాశాను. కాదన్నారు. నేను ఇవ్వగలిగింది ఇదొక్కటే ఉంది. దీన్ని పట్టుకుని మీరే...”

“మిగతా రెండూ?”

“మిగతా రెండూ గట్టివే. అందులో సందేహం లేదు.”

“వాటికి ఎవరి పేర్లండీ?”

ఆయన కాగితాలు సర్దాడు. “ఒకటి మా గురువుగారిది. ఇంకోటి మన ట్రస్టు అధ్యక్షులవారి శ్రీమతిగారిది.”

“ఆవిడకు పూలంటే ఇష్టమా?”

“పూలు దగ్గరికొస్తే ఆవిడకు దగ్గు, పాపం,” అని, అన్నాక ఇబ్బందిపడి, “మీరు ఒంటిపువ్వుతోనే బొమ్మ వేసెయ్యండి. అలిసిపోయారు. ఈ రెండు రోజులూ ఎక్కువ ఆలోచించకండి,” అన్నాడు.

ఆమె పువ్వును మళ్లీ దూదిలో చుట్టుకుంది. గట్టివాటిలో ఒకటి నాకిచ్చి, ఈ కలిసిపోయేదేదో ఆవిడకే ఇవ్వచ్చుగా అన్న మాట మెట్లు సగం దిగాక వచ్చింది. ఎప్పుడూ అంతే. ఆమెకు రావలసిన మాటలన్నీ మెట్ల మీదే వస్తాయి. ఆగి, రెయిలింగు పట్టుకుని, వెనక్కి ఎక్కుదామా అని చూసింది. పద్నాలుగు మెట్లున్నాయి. మోకాలు వద్దంది.

ఆ సాయంత్రం వంటయ్యాక ఆమె వీధిగదిలోకి వచ్చి, పరీక్షకు వచ్చినవాళ్లు కూర్చునే ఎత్తుకుర్చీలో కూర్చుంది. ఆయన అద్దం అంచు అరగదీస్తున్నాడు. ఆ గరగర మధ్యలోనే ఆమె జరిగిందంతా చెప్పింది. సగంలో గరగర ఆగింది.

“అంటే నాసిరకం సరుకు నీకు అంటగట్టాడన్నమాట.”

“ఆయన మనసులో మంచే ఉంది. మంచి కూడా అట్లాగే చేస్తారు వాళ్లు.”

ఆయన అద్దం తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. “నేను అందరికీ చెప్పేశానే,” అన్నాడు మెల్లిగా. “కుట్టుమిషనాయన అయితే తన పెద్దమనవరాలికి ఆ పువ్వు ఫోటో కావాలన్నాడు.”

“తెలుసు.”

“ఒక మాట చెప్పనా, కోప్పడకు. పదేళ్లంటున్నాడుగా. మనకు పదేళ్లు చాలవూ? అంతకు మించి మనం మాత్రం ఉండిపోవడానికొచ్చామా? ఆ తర్వాత కలిపితే కలపనీ.”

ఆమె గోడ మీది అక్షరాల వంక చూస్తూ కూర్చుంది. అన్నిటికంటే కింది వరస ఈ మధ్య ఆమెకు కనబడటం లేదు. ఆయనకు చెప్పలేదు.

“నాకూ అదే అనిపించిందండీ. పొద్దున్నుంచీ అదే అనుకుంటున్నా. కానీ పదేళ్లకు ఆ కలిపే మనిషి ఎవరో ఉంటారు చూడండి, వాళ్ల ముందు నా బొమ్మ ఉంటుంది. ఒకే కాడకు పెదవితో ఒకటి, పెదవి లేకుండా ఒకటి పూస్తే ఒక్కదాన్నే గీసింది, ఈవిడకు కళ్లు లేవా అనుకుంటారు.”

ఆయన అద్దం కింద పెట్టాడు.

“కళ్లజోడు చేసినవాణ్ణి కూడా తిడతారు,” అన్నాడు.

ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు గాని, మళ్లీ గరగర మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది.

గురువారమంతా సిరా పని. పెన్సిలు బొమ్మ మీద పలచని కాగితం పరిచి, ముందు పొడవు గీతలు, తర్వాత ఈనెలు, చివరికి నీడల కోసం చుక్కలు. చుక్క పెట్టి కలం ఎత్తాలి, ఎత్తి పక్కన పెట్టాలి. తొందరపడితే చుక్కకు తోక వస్తుంది. కాగితం నడుమ నిలువునా కంకి, కంకికి కింద పెదవి లేని పువ్వు, దాని పైన పెదవి ఉన్న పువ్వు. ఎడమవైపు మొదటిదాని రేకులు విడివిడిగా, కుడివైపు రెండోదాని రేకులు విడివిడిగా, రెండింటి స్తంభాలూ పక్కపక్కనే, రెండింటికీ అదే పన్ను. ఒక్కో గుంపు కింద కొలత గీత. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. కోపం వచ్చి కాదు, లేస్తే మళ్లీ కూర్చోలేనని.

శుక్రవారం పదింటికి బొమ్మ పైకి తీసుకెళ్లింది.

పెద్దసారు నిలబడి చూశాడు. ఆయన కళ్లు కాగితం మీద ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో ఆమెకు తెలుస్తూనే ఉంది. కొంతసేపు ఆయన అన్నీ మరచిపోయి ఉత్త శాస్త్రవేత్తలాగే చూశాడు. ఒకసారి “ఊఁ” అన్నాడు, మెచ్చుకున్నట్టే. తర్వాత మొహం మారింది.

“ఇది పంపలేం.”

“తెలుసండీ.”

“రెండో పువ్వు తీసేస్తే సరిపోతుంది. బ్లేడుతో గీకెయ్యండి, ఇంకా టైముంది.”

“గీకితే కాగితం చిరుగుతుందండీ.”

బ్లేడుతో సిరా గీకడంలో ఆమె చేతిని మించిన చెయ్యి లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయన ఆమె వంక చూశాడు. ఆమె కిటికీ వంక చూసింది.

“మీ పేరు మీరే కొట్టేసుకుంటున్నారు.”

“అవునండీ.”

“నేను మీకు చెడు చెయ్యాలనుకోలేదు.”

“నేనూ అట్లా అనుకోలేదండీ. నాకు కనబడ్డది గీశాను. ఈ వయసులో కొత్తగా ఇంకోలా గీయడం చేతకాదు.”

ఆయన బొమ్మను మడత పడకుండా రెండు చేతులతో ఎత్తి తిరిగి ఆమెకే ఇచ్చాడు. “అయితే రెండు జాతులతోనే పంపిస్తాను,” అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. “నాలుగింటికి హాల్లో సభ. మరిచిపోకండి.”

కింది గదికి వచ్చి ఆమె సొరుగులు ఖాళీ చేయడం మొదలుపెట్టింది. అరిగిన కలాలు, తుప్పు పట్టిన సూదులు, గట్టిపడిన రబ్బరు. దేన్నీ ఎక్కువసేపు చూడకుండా చెత్తబుట్టలో వేసింది. గట్టిగా ఏడుపేమీ రాలేదు. లోపల ఎక్కడో బరువు మాత్రం, తడిసిన బట్టల మూటలా, దించే చోటు లేక అలాగే ఉంది.

మధ్యాహ్నం దాటాక పరిశోధన అమ్మాయి వచ్చింది. బల్ల మీద బొమ్మ చూసి, పలకరించడం మరచిపోయి, దాని మీదికి వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

“ఒకే కంకికా పిన్నిగారూ?”

“ఒకే కంకికి.”

అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుంది. “ఆ పరీక్ష చేసింది నేనే. తేడా లేదని సారుకు మూడు నెలల కిందటే చెప్పాను. ఆ పట్టిక తీసెయ్యమన్నారు, తీసేశాను. నా థీసిస్ మీద సంతకం ఆయనే పెట్టాలి కదా.”

“నేను నిన్నేమీ అనలేదే.”

“అనలేదనే,” అంది అమ్మాయి. ముక్కు ఎగబీల్చింది. “మంగళవారం మీరు అడిగినప్పుడు చెప్పేస్తే మీకింత పని తప్పేది.”

“పని తప్పేది కాదు. ఎప్పటికైనా గీయాల్సిందే ఇది. ముక్కు తుడుచుకో, కాగితం మీద పడుతుంది.”

అమ్మాయి తుడుచుకుని, బొమ్మను తన వైపు కొద్దిగా జరుపుకుంది. “ఇది మీకు తెలుసో లేదో. పెదవి కూడా ఒకప్పుడు మామూలు రేకే పిన్నిగారూ. కోట్ల ఏళ్ల కింద ఆర్కిడ్ల ముత్తాతల పూలకు అన్నీ ఒకేలాంటి రేకులే ఉండేవంటారు. వాటిలో ఒకటి మారుతూ మారుతూ పెదవైంది. ఏ జన్యువు మీట నొక్కితే అది పెదవవుతుంది, ఏది ఆగిపోతే మళ్లీ రేకైపోతుంది అన్నదే నా మూడో అధ్యాయం. పుస్తకాల్లోవి చూసి రాస్తున్నా. సొంత ఉదాహరణ ఒక్కటి లేదు. ఈ కంకి... ఒకే మొక్క రెండూ చేసి చూపిస్తోంది. కొత్త జాతి కాకపోతేనేం, ఇది నాకు పది జాతుల పెట్టు. ఈ బొమ్మ నాకిస్తారా? మీ పేరు నా పక్కన...”

“పేరు సంగతి ఎత్తకు తల్లీ, ఈ వారం దానితో విసిగిపోయాను. బొమ్మ తీసుకో. మరి మీ సారు?”

అమ్మాయి కాసేపు గోళ్లు చూసుకుంది. “అడుగుతాను. ఒప్పుకోరేమో. ఒప్పుకోకపోతే ఇంకోసారి అడుగుతాను.” బొమ్మ అంచు సవరిస్తూ, “భయంగానే ఉంది,” అంది.

అప్పుడే నత్తలాయన గుమ్మంలో కనబడ్డాడు. మెట్లు దిగి పరుగెత్తినట్టున్నాడు, ఊపిరి అందడం లేదు. అరచేతిలో తడి ఆకు, ఆకు మీద పువ్వు.

“మూడో పువ్వు విచ్చిందక్కా. ఇదేందో చూడు. అటూ కాదు, ఇటూ కాదు.”

బొమ్మలమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది. పెదవి ఉండాల్సిన చోట రేకు నిలువునా రెండు రకాలుగా ఉంది. ఎడమ సగం సన్నగా, సాదాగా ఉంది. కుడి సగం పసుపుగా, కుచ్చులు కట్టి, ఎర్రమచ్చలో సగంతో ఉంది. మారుతూ మారుతూ నడిమధ్యలో ఆగిపోయినట్టుంది.

అమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“ఎంతసేపయింది కోసి?” అంది బొమ్మలమ్మ.

“ఇప్పుడే.”

“ఈ ఎండకు గంటలో వాడిపోతుంది.” చెత్తబుట్ట వైపు వంగి, పారేసిన సూదుల్లో తుప్పు తక్కువున్న రెండింటిని ఏరుకుని, చీర చెంగుకు తుడిచింది. “తలుపు వెయ్యి తమ్ముడూ, గాలి తగులుతోంది. అమ్మాయ్, దీపం వెలిగించి ఇటు పట్టు. ఇంకొంచెం కిందికి. ఆఁ.”

పువ్వు గాజుపలక మీద వెల్లకిలా పడుకుంది. ఆమె మైక్రోస్కోపు మీదికి వంగింది. మెడ కలుక్కుమంది. పళ్లు బిగబట్టి, అలాగే వంగి, సూదిమొనతో కుచ్చుల అంచు పట్టుకుని మెల్లగా తెరిచింది.

నాలుగు దాటిన అయిదు నిమిషాలకు ఆఫీసు గుమాస్తా తలుపు తట్టాడు. అందరూ వచ్చేశారనీ, ఇంటాయన ముందువరసలో కూర్చున్నాడనీ చెప్పాడు. “పది నిమిషాలు,” అంది ఆమె తల ఎత్తకుండా. నాలుగుంపావుకు మళ్లీ వచ్చాడు. టీలు చల్లారిపోతున్నాయి, పెద్దసారు గడియారం చూసుకుంటున్నారు. నత్తలాయన తలుపు సందులోంచి, “చెప్పిందిగా పది నిమిషాలని,” అని మళ్లీ వేసేశాడు.

ఆమె కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. రుమాలు అందలేదు, భుజానికి తుడుచుకుంది.

“నాకు మసగ్గా ఉంది. నువ్వు రా, ఈనెలు లెక్కపెట్టు. కుడి సగం మాత్రమే.”

అమ్మాయి కన్ను ఆనించింది. పెదాలు కదిలాయి. “అయిదు.”

“నాకు ఆరు వచ్చాయే.”

“అయిదే పిన్నిగారూ.”

“జరుగు,” అంది బొమ్మలమ్మ కుర్చీ ముందుకు లాక్కుంటూ. “మళ్లీ మొదట్నించీ.”